లివరు మేడం గారు

మొన్న ఉదయం నడకలో నా ముందు ఇద్దరు పెద్దమనుషులు గట్టిగా మాట్లాడుకుంటూ పోతున్నారు. పదహారు గంటలు కడుపు మాడ్చుకుంటే ఒంట్లో ఆటోఫజీ అనేది మొదలవుతుందనీ, కణాలు తమలోని చెత్తనంతా తామే తినేసి శుభ్రపడతాయనీ ఒకాయన రెండో ఆయనకి చెబుతున్నాడు. చెప్పే తీరు చూస్తే ఆ సంగతి నిన్నగాక మొన్న ఎవరో ఫోనులో కనిపెట్టినట్టుంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ మాట నేను నలభై ఏళ్ళ క్రితం అమలాపురంలో, ఫ్యాను తిరగని జువాలజీ గదిలో విన్నాను. చెప్పినావిడ దాన్ని ఎవరి కడుపూ మాడ్చడానికి చెప్పలేదు. మా నాన్నగారి చేత అన్నం తినిపించడానికి చెప్పారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. పేరు రాయను. పేరు రాస్తే "ఆవిడా, మాకు బాగా తెలుసండీ" అంటూ పది మంది బయల్దేరతారు. తెలిసినవాళ్ళు తనని పొగడడం ఆవిడకి బొత్తిగా గిట్టేది కాదు. కాలేజీలో పిల్లలు ఆవిడ వెనకాల 'లివరు మేడం గారు' అనుకునేవారు. ముందు కూడా అనవచ్చు, కోపం వచ్చేది కాదు. "గుండె మేడం అనలేదు, నయం. గుండెకి లేనిపోని పేరొచ్చింది గాని పనంతా లివరుదేనండీ" అనేవారు.

నేను ఆవిడ దగ్గర డిమాన్‌స్ట్రేటరుగా చేరేటప్పటికి నాకు ఇరవయ్యేడు. ముక్తేశ్వరం నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. ఆవిడకి నలభై అయిదు ఉంటాయి. తాతగారు రాయవరం వైపు పొలాల్లో కూలికి వెళ్ళినవారు, తండ్రి మిషను బడిలో చదివి హెడ్మాస్టరు అయినవారు. ఈ రెండు ముక్కలూ ఆవిడ దాచుకునేవారు కాదు, అలాగని చాటుకునేవారూ కాదు. గంజి పెట్టిన నూలు చీర, చేతిలో గొడుగు, సంచిలో ఎర్రదీ నీలందీ రెండు రంగుల పెన్సిళ్ళు. ఆ ఎర్ర పెన్సిలుతోనే వచ్చిపడింది గొడవంతా.

అప్పటి పాఠ్యపుస్తకాల్లో లైసోజోములని ఆత్మహత్య సంచులు అని రాసేవారు. కణంలో ఉండే చిన్న సంచులు, వాటినిండా అరిగించే రసాలు. సంచి పగిలితే కణం చస్తుంది, కాబట్టి ఆ పేరు. ఆవిడ గ్రంథాలయంలో ఉన్న కాపీలన్నీ తెప్పించుకుని, ప్రతిదాంట్లోనూ ఆ మాట ఎర్రగా కొట్టేసి, పక్కన 'చావడానికి కాదు, బతకడానికి' అని రాసి తిరిగి పంపించేశారు. లైబ్రేరియను లబోదిబోమంటూ ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళాడు. ప్రిన్సిపాలు పిలిపించారు.

"పుస్తకాల్లో రాతలేమిటమ్మా?"

"తప్పుంటే దిద్దేనండి."

"అది అచ్చుతప్పు కాదు కదా. రాసినాయన ఉద్దేశమే అది."

"అయితే ఉద్దేశంలో తప్పు దిద్దేనండి."

ఆ మర్నాడు గ్రంథాలయంలో పెన్సిళ్ళు నిషేధం అని బోర్డు పెట్టారు.

ఆవిడ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కళ్ళతో చూసిన మనిషి కాదు. వేసవి సెలవుల్లో అందరం మామిడిపళ్ళు తింటూ కూర్చుంటే ఆవిడ వాల్తేరు వెళ్ళి, యూనివర్సిటీ లైబ్రరీలో విదేశీ పత్రికలు ముందేసుకుని, చేత్తో ఎత్తి రాసుకుని వచ్చేవారు. అందులో బొమ్మలు కూడా గీసుకునేవారు. ఆ నోటుపుస్తకాల్లోంచి చెప్పే పాఠం అపరాధ పరిశోధన కథలా ఉండేది.

"అసలు వాళ్ళు వెతికింది లైసోజోముని కాదర్రా. ఇన్సులిన్ లివరు మీద ఏం చేస్తుందో చూద్దామని కూచున్నారు. ఎలక లివరు నూరేరు, వడకట్టేరు, లెక్క చూసేరు. ఒక ఎంజైము ఉండాల్సినంత కనపడలేదు. కొన్నాళ్ళు ఉంచి చూస్తే ఉంది! అంటే అది ఏదో సంచిలో దాక్కునుందన్నమాట. వెతికింది ఒకటి, దొరికింది ఒకటి. దొరికినదాన్ని పారెయ్యకపోవడమే చదువు."

తరువాత అసలు కథ. ఎలకలకి గ్లూకగాన్ అనే హార్మోను ఇచ్చి చూస్తే వాటి లివరు కణాల్లో కొత్త సంచులు కనబడ్డాయి. వాటిలో ఉన్నది బయటినుంచి వచ్చిన తిండి కాదు. ఆ కణానిదే, పాత మైటోకాండ్రియా ముక్కలు. కణం తన్ను తానే తినడం, అదే ఆటోఫజీ. ఇన్సులిన్ ఇస్తే ఆ తినడం తగ్గిపోయింది. ఆవిడ బోర్డు మీద ఆ రెండూ ఊరే పాంక్రియాస్ గీసి రెండు బాణాలు వేసేవారు. ఒకదాని మీద 'విప్పు', రెండోదాని మీద 'ఆపు'.

"తిండి లేనప్పుడు గ్లూకగాన్ వచ్చి విప్పు అంటుంది. లివరు తన సామాన్లో పాతవి విప్పి ఇల్లు నడుపుతుంది. ముసురు పట్టి కట్టెలు తడిసిపోతే మనవాళ్ళు పాత తడక విరిచి అన్నం వండుకోరూ, అదీ. తిండి రాగానే ఇన్సులిన్ వచ్చి ఆపు అంటుంది. అర్థమైందా?"

"ఆయ్" అనేది క్లాసు.

"ఆయ్ అంటే అర్థమైందనా, గంట కొట్టెయ్యమనా?"

ఒకసారి వెనక బెంచీలోంచి ఒకడు, మీరు చూడకుండానే ఇదంతా ఎలా నమ్ముతున్నారు మేడం, దేవుణ్ణి నమ్మినట్టేనా అని అడిగాడు. ఆవిడకి చర్చి ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. ఆవిడ మాత్రం ఉత్సాహంగా, "మంచి ప్రశ్న. దేవుణ్ణి నేను రుజువు అడగలేదు. వీళ్ళని అడిగేను, చూపించేరు, అప్పుడు నమ్మేను" అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక తిన్నగా కటికవాళ్ళ దగ్గరికి వెళ్ళి మేక లివరు కొనేవారు. సోమవారం దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి నన్ను కొయ్యమనేవారు. వేదపండితుడి కొడుకుని కదా, మొదట్లో కళ్ళు గట్టిగా మూసుకునేవాణ్ణి. "కళ్ళు మూసుకుని కొయ్యకండి చిన్న మేష్టారూ, వేలు తెగుద్ది. మీ వేలు సిలబస్సులో లేదు" అనేవారు. పిల్లలకి చూపించింది పోగా మిగిలిన సగం ఇంట్లో కూర అయిందని మర్నాడు ఏ మొహమాటం లేకుండా చెప్పేవారు.

ఇక మా నాన్నగారి సంగతి. ఆయన వేదం చెప్పుకుని, చెప్పి, బతికినవారు. చక్కెర జబ్బు ముదిరి ఇన్సులిన్ లేనిదే రోజు గడవని స్థితికి వచ్చారు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మందు సీసా తడి ఇసుక పోసిన కుండలో ఉండేది. పొద్దునా సాయంత్రం గాజు సిరంజీ గిన్నెలో మరగబెట్టి గుచ్చే పని నాది. అంతవరకూ బాగానే ఉంది. ఏకాదశి వస్తే మాత్రం ఆయన ఇంజక్షన్ చేయించుకునేవారు, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. పదకొండు అయ్యేసరికి చెమటలు, వణుకు, ఆ తరువాత స్పృహ తప్పడం. బెల్లం నీళ్ళు పెదాల మధ్య పోసి లేపేవాళ్ళం. డాక్టరు తిట్టాడు, అమ్మ ఏడ్చింది. ఆయన మాత్రం పదిహేను రోజులకోసారి చావు అంచుదాకా వెళ్ళి వస్తూనే ఉన్నారు.

ఒక రోజు లాబులో ఈ సంగతి మేడం గారికి చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపి, "ఎల్లుండి సెలవు కదా, వస్తాను" అన్నారు. అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

వచ్చారు. నాన్నగారు అరుగు మీద ఉన్నారు. "నమస్కారమండి బాబాయి గారూ" అన్నారు ఆవిడ. మా అగ్రహారం బయటివాళ్ళెవరూ ఆయన్ని ఆ వరసతో పిలవగా నేను వినలేదు. ఆయన ఒకసారి తలెత్తి చూసి, "కూర్చోండమ్మా" అన్నారు. అమ్మ కాఫీ తెచ్చింది, బయటివాళ్ళకని విడిగా ఉంచే గ్లాసులో. ఆవిడ గ్లాసు పెదాలకి ఆనకుండా ఎత్తి పోసుకుని తాగి, ఎవరూ చెప్పకుండానే పంపు దగ్గర కడిగి, అరుగు చివర బోర్లించి వచ్చి కూర్చున్నారు. నాకు సిగ్గేసింది. సిగ్గుపడ్డాను గాని లేచి ఆ గ్లాసు అందుకోలేదు.

"ఉపవాసం నాడు ఇంజక్షన్ ఎందుకండీ చేయించుకుంటున్నారు?" అని మొదలుపెట్టారు ఆవిడ.

"డాక్టరు మానొద్దన్నాడు."

"అన్నం ఎందుకండీ తినరు?"

"శాస్త్రం తినొద్దంది."

"ఇద్దరి మాటా విన్నారు, బాగానే ఉంది. మీ లివరు మాత్రం ఒక్క మాటే వింటుందండి. ఇన్సులిన్ లోపలికెళ్ళిందంటే దానికి అందే కబురు, ఈయన భోంచేసేరు అని. ఇంక నిల్వ తియ్యదు, పాతది విప్పదు. ఊరుకుంటుంది. మీరేమో తినలేదాయె. అందుకే పడిపోతన్నారు. దాని లెక్కలో మీరు విస్తరి ముందు కూచుని లేచినట్టే. ఇంక ఉపవాసం ఎక్కడ మిగిలిందండీ?"

నాన్నగారి మొహం వెలిగిపోయింది. వాదం ఎవరు బాగా చేసినా ఆయనకి ఆనందమే. "భలే! అంటే ఇంజక్షన్ పుచ్చుకున్న క్షణమే వ్రతభంగం అంటారు?"

"అంతేనండి."

"బాగుందమ్మా, చాలా బాగుంది" అంటూ ఆయన తల ఊపుతూనే ఉన్నారు. బస్సు దగ్గర మేడం గారు, "ఒప్పుకున్నారు కదండీ, ఇంక తినేస్తారు" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. జీవితమంతా శాస్త్రచర్చల్లో గడిపిన మనిషి చేతికి ఒక తర్కం ఇస్తే దాన్ని ఆయన ఎటు తిప్పుతాడో మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ మాఘమాసంలో దశమి సాయంత్రం నేను గిన్నె పొయ్యి మీద పెట్టబోతుంటే నాన్నగారు పిలిచారు.

"ఈ పూట సూది వద్దురా."

"అదేంటి నాన్నగారూ?"

"మీ మేడం గారు చెప్పలేదూ? సూది వేస్తే వ్రతం చెడుతుందని. రేపు భీష్మ ఏకాదశి. ద్వాదశి పారణ అయ్యాక వేద్దువు గాని."

నేను జువాలజీలో ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. ఏమవుతుందో నాకు తెలియదంటే అబద్ధం. కాని ఒకటిన్నర రోజే కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయనతో వాదించడానికి బద్ధకించాను. మా సైన్సు మాట ఆయన పట్టించుకున్నారని లోపల కాస్త గర్వం కూడా పడ్డాను. ఆ పూటా, మర్నాడు రెండు పూటలా గిన్నె పొయ్యి ఎక్కలేదు.

ఏకాదశి నాడు జనమంతా అంతర్వేది తీర్థానికి బస్సుల మీద కూడా ఎక్కి పోతున్నారు. నాన్నగారు ఆ రోజు పడిపోలేదు. చెమటలు లేవు. "చూశావా, అసలైన ఉపవాసం" అన్నారు. మాటిమాటికీ దాహం మాత్రం అడిగారు. నీళ్ళు ముట్టని మనిషి అడుగుతున్నాడంటేనే నాకు అర్థం కావాల్సింది. ద్వాదశి తెల్లవారేసరికి వాంతులు. ఊపిరి లోతుగా, ఎగదన్నుతూ పీలుస్తున్నారు. దగ్గరికి వంగితే నోట్లోంచి మగ్గిన పండు వాసన. టాక్సీలో పడేసి అమలాపురం తీసుకెళ్ళాం. రెండు రోజులు ఆయన మమ్మల్ని గుర్తుపట్టలేదు.

రెండో రోజు మేడం గారు ఆస్పత్రికి వచ్చారు. డాక్టరుని అడిగి సంగతి తెలుసుకుని, నన్ను వరండాలోకి పిలిచారు.

"మీ ఇంట్లో సిరంజీ మరగబెట్టేది ఎవరండీ?"

"నేనేనండి."

"మూడు పూటలు మరగబెట్టలేదా?"

"లేదండి."

"తెలిసేనా?"

"తెలిసేనండి."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఇన్సులిన్ ఆపుద్దని చెప్పేను గాని, ఆపేదే లేకపోతే ఏమవుద్దో బాబాయి గారికి చెప్పలేదు. ఆ తప్పు నాది, నేను మోస్తాను. రెండోది మీది. మీ వాటా కూడా నన్ను మొయ్యమని అడక్కండి."

ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. నేను ఏడుస్తుంటే ఓదార్చాల్సింది పోయి వాటాలు వేస్తుందేమిటీ మనిషి అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, నన్ను అంత గౌరవించినవాళ్ళు ఇంకెవరూ లేరని.

సోమవారం క్లాసులో ఆవిడ పాత బొమ్మే మళ్ళీ గీశారు. 'ఆపు' అన్న బాణాన్ని డస్టరుతో తుడిచేసి, ఎర్ర సుద్దముక్కతో 'నేను ఇదివరకు చెప్పింది సగం' అని రాశారు. "ఆపేవాళ్ళు లేకపోతే విప్పడానికి హద్దుండదు. చక్కెర రక్తంలో నిండిపోతున్నా లివరుకి ఆకలే. ఇంకా తయారుచేస్తుంది. కొవ్వు కరిగిపోద్ది, కండ కరిగిపోద్ది, రక్తం పులిసిపోద్ది. పాత తడకతో ఆగదు, దూలాలు కూడా పొయ్యిలో పెట్టేస్తుంది. రాసుకోండి. నేను సగం చెప్పినందుకు ఒక మనిషి ఆస్పత్రిలో ఉన్నారు" అన్నారు. పిల్లలు రాసుకున్నారు. ఆ మనిషి ఎవరో నేనొక్కణ్ణే ఎరుగుదును.

నాన్నగారు బతికి ఇంటికొచ్చారు, సగం మనిషిగా. వెంటనే వచ్చిన ఏకాదశి ఆస్పత్రిలో సెలైను సీసా కింద గడిచిపోయింది. అది లెక్కలోకి రాదన్నారు. ఆ తరువాతది ఫాల్గుణ శుద్ధ ఏకాదశి. మేడం గారు నా చేత పంచాంగం తెప్పించుకుని ఆ తారీఖు రాసుకున్నారు. అప్పటికి వాళ్ళ చర్చిలో ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యాయి. ఆ నలభై రోజులూ ఆవిడ పొద్దు గూకేదాకా ఏమీ తినరని కాలేజీలో అందరికీ తెలుసు.

ఆ రోజు ఏడింటికి నాన్నగారే చెయ్యి చాపారు. "గుచ్చు. నీకు ఇంకోసారి ఆ పాపం వద్దు." గుచ్చాను. అమ్మ వేడివేడిగా అన్నం తెచ్చి పెట్టింది. ఆయన దానివంక చూడలేదు. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది.

"నాన్నగారూ, తినాలి."

"ఇంజక్షన్ మానొద్దన్నారు, మానలేదు. తింటానని నేనెవరికీ మాటివ్వలేదు." నావైపు చూడకుండా, "వేదం గొంతు దాటడం లేదురా. పన్నం ఎత్తుకుంటే నాలుగు మంత్రాలు చెప్పేసరికి ఆగిపోతోంది. ఇదొక్కటే మిగిలింది నాకు" అన్నారు.

బెల్లం నీళ్ళు నోటి దగ్గర పెడితే పెదాలు బిగించారు. నుదుటి మీద చెమట పట్టడం మొదలైంది. డాక్టరు ముందే చెప్పాడు, ఈ ఒళ్ళు ఇంకోసారి పడిపోతే లేవదని. అమ్మ గోడకి జారబడి కూర్చుండిపోయింది.

తొమ్మిదింటి బస్సుకి మేడం గారు దిగారు. అరుగు ఎక్కుతూనే, "పోయినసారి మీకు సగం పాఠం చెప్పేనండి బాబాయి గారూ. తప్పు చేసేను. మిగతాది చెప్పడానికొచ్చేను" అన్నారు.

"చెబుదురు గాని. ముందు నాకొకటి చెప్పండమ్మా" అన్నారు నాన్నగారు. మాట తడబడుతోంది. "మీకూ ఇప్పుడు ఉపవాసాలట కదా. మావాడు చెప్పేడు."

"అవునండి. సాయంత్రం దాకా ఉంటాను."

"ఎందుకుంటారు? లివరు బాగుపడాలనా?"

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"కాదండి" అన్నారు.

"మరి నాకెందుకమ్మా లివరు లెక్క చెప్పేరు? నేనూ దానికోసం ఉండలేదే."

కోపంగా అన్నమాట కాదది. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. ఆవిడ గొడుగు కింద పెట్టి, అరుగు మీద ఆయనకెదురుగా కూర్చున్నారు. "అదీ తప్పేనండి. ఎందుకుంటున్నారని ముందు అడగాల్సింది. అడగలేదు" అన్నారు. తరువాత ఒక్క క్షణం కూడా ఆగకుండా, "ఆకలేస్తోందండి. భోజనం పెట్టించండి" అన్నారు.

నేను సరిగ్గా విన్నానా అనుకున్నాను. నాన్నగారు కళ్ళు చిట్లించి చూశారు.

"మీరు ఉపవాసం కదమ్మా."

"ఇవాళ లేనండి. మీతో కలిసి తినేస్తాను. మీ దగ్గర్నించి అంత పెద్దది మానమని అడుగుతూ, నాది నేను ఉంచుకుని కూచుంటే బాగోదు."

"మీ దేవుడు ఊరుకుంటాడా?"

"సాయంత్రం అడుగుతానండి. ఇప్పుడు టైము లేదు. మీకు చెమట పడుతోంది."

నాన్నగారు ఆవిడ మొహంలోకి చూశారు. అప్పుడాయన లోపలికి తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అమ్మని పిలిచారు.

"ఏమేవ్, ఆవిడకి ఆకలేస్తోందిట. రెండు ఆకులు వెయ్యి."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఆవిడకి ఇక్కడ అరుగు మీద..."

"లోపల. నా పక్కన."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత దొడ్లోకి వెళ్ళి రెండు అరిటాకులు కోసుకొచ్చి, నీళ్ళు చల్లి, వంటింట్లో పక్కపక్కన వేసింది. నేను నాన్నగారిని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. అన్నం చల్లారిపోయింది, పప్పు మాత్రం వేడిగా ఉంది. వడ్డన కాగానే నాన్నగారు ఆవిడవైపు తిరిగి, "ముందు మీరు కానివ్వండి. అతిథి కదమ్మా" అన్నారు.

"కాదండీ, ముందు మీరు. ఇంజక్షన్ చేయించుకుంది మీరు" అన్నారు మేడం గారు.

నాన్నగారు నవ్వేశారు. నవ్వుతూనే, పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆవిడ వాచీ చూసుకుని, ఆయన నాలుగో ముద్ద మింగేదాకా ఆగి, అప్పుడు తన ఆకులో చెయ్యి పెట్టారు.